చుక్కలు లెక్కపెట్టిన డాక్టరు

వాంతులో విరేచనాలో పట్టుకుని ఆస్పత్రికి వెళితే ముందుగా ఏం చేస్తారు? సెలైన్ పెడతారు. ఆ స్టాండు పక్కన స్టూలేసుకుని కూర్చుని, పడుతున్న చుక్కల్ని చూస్తూ రాత్రంతా గడిపిన అనుభవం మనలో చాలామందికి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లను కదిపితే ఇంకో సంగతి చెబుతారు. గుమ్మంలో టెలిగ్రాం అన్న కేక వినబడితే గుండె గుభేలుమనేదని.

సెలైన్‌కీ టెలిగ్రాంకీ సంబంధమేమిటనుకుంటున్నారా? ఉంది. ఒంట్లోంచి పోయిన ఉప్పునీటిని తిరిగి రక్తంలోకి ఎక్కించాలన్న ఆలోచనను ముందుకు తెచ్చినదీ, మన దేశమంతా టెలిగ్రాఫ్ తీగలు లాగించినదీ ఒకే డాక్టరు. పేరు విలియం బ్రూక్ ఓషానెసీ. ఆయన చేసిన మూడో పని గురించే ఇవాళ మాట్లాడుకుందాం. గంజాయిని మందుగా వాడాలంటే ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది మంచం పక్కన నిలబడి గడియారం చూస్తూ రాసిపెట్టిన మొదటి ఆధునిక వైద్యుల్లో ఆయన ముఖ్యుడు.

ఇప్పుడెందుకీ కథ అంటారా? అమ్మకు మోకాళ్ల నొప్పులనో, నాన్నకు క్యాన్సర్ చికిత్స తరవాత ఆకలి లేదనో తెలియగానే ఎవరో ఒకరు ఫోన్‌లో గంజాయి నూనె గురించి ఒక వీడియో పంపుతారు. అమెరికాలో ఉన్న అబ్బాయి, ఇక్కడ షాపుల్లోనే అమ్ముతారమ్మా, అంటాడు. అది మందా, మత్తా అన్న వాదన ఇంట్లో మొదలవుతుంది. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఎంత? ఎన్నాళ్లు? ఎవరు చూస్తుంటారు? ఓషానెసీ జీవితం ఆ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

కలరా నేర్పిన పాఠం

ఆయన ఐర్లండ్‌లోని లిమరిక్ ఊరివారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1829లో పట్టా పుచ్చుకున్నారు. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. లండన్ వెళ్లినా అక్కడ ప్రాక్టీసు పెట్టుకునేందుకు అనుమతి దొరకలేదు. దాంతో రసాయన పరీక్షలు చేసుకుంటూ బతికారు.

1831లో ఇంగ్లండ్‌లోకి కలరా వచ్చింది. ఒళ్లు నీలంగా మారి, కళ్లు లోతుకు పోయి, గంటల్లో మనుషులు రాలిపోతున్నారు. అప్పటి వైద్యం ఏమిటో తెలుసా? నరం కోసి రక్తం తీయడం! అసలే ఒంట్లో నీరంతా పోయిన మనిషికి అంతకంటే అపకారం లేదు. ఓషానెసీ రోగుల రక్తాన్ని పరీక్షించి చూశారు. అందులో నీరు బాగా తగ్గిపోయింది. ఉప్పులూ, క్షార పదార్థాలూ తగ్గిపోయాయి. అలా పోయినవి మలంలో కనిపించాయి. పోయినదాన్ని తిరిగి రక్తనాళంలోకే ఎక్కించాలని ఆయన ప్రతిపాదించారు.

1832లో స్కాట్లండ్‌లోని లీత్ పట్టణంలో థామస్ లాటా అనే డాక్టరు ఆ పని చేసి చూపించారు. మొదటి రోగి ఒక వృద్ధురాలు. నాడి అందని స్థితిలో ఉన్న ఆమె ఉప్పునీరు ఎక్కేకొద్దీ తేరుకుంది. లాటా ఆమెను మరొకరికి అప్పగించి వెళ్లారు. మళ్లీ విరేచనాలు మొదలయ్యాయి. ఈసారి ఎవరూ ఎక్కించలేదు. కొన్ని గంటల్లోనే ఆమె చనిపోయింది.

ఇందులో మనకో పాఠం ఉంది. సరైన మందు దొరకడం సగం పనే. ఇచ్చాక వెంట ఉండి చూడటం మిగతా సగం. గంజాయి విషయంలో ఈ రెండో సగమే అసలు కథ.

కలకత్తాలో కొత్త కళ్లు

1833లో ఓషానెసీ ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి కలకత్తా వచ్చారు. 1835లో అక్కడ మెడికల్ కాలేజీ మొదలైంది. ఆయన రసాయన శాస్త్రం చెప్పే ప్రొఫెసరయ్యారు.

గంజాయి, చరస్, భంగు బెంగాల్‌లో ఆయన కళ్లెదుటే ఉన్నాయి. మన ఆయుర్వేదంలో విజయ అన్న పేరుతో, యునానీ గ్రంథాల్లోనూ ఆ మొక్క ప్రస్తావన ఉంది. యూరప్ వైద్యులకు మాత్రం అది దాదాపు కొత్త. తెలియనిదాన్ని వెక్కిరించి వదిలేయడమో, ఊరి మాటలు విని నమ్మేయడమో మామూలుగా జరిగే పని. ఆయన రెండూ చేయలేదు. పండితుల్నీ హకీముల్నీ పిలిపించుకుని వాళ్ల గ్రంథాల్లో ఏముందో చెప్పించుకున్నారు. వాళ్లలో మధుసూదన్ గుప్త ఒకరు. మెడికల్ కాలేజీలో శవపరీక్షకు ముందుకొచ్చి పేరు తెచ్చుకున్న ఆయుర్వేద పండితుడు ఆయన.

గ్రంథాల తరవాత జంతువులు. ముందుగా ఒక కుక్కకు నేపాల్ చరస్ ఇచ్చి గడియారం చూస్తూ కూర్చున్నారు. అరగంటలో అది మందకొడిగా మారి, తూలి, నిద్రలోకి జారింది. కొన్ని గంటల్లో మామూలైంది. చేపలు, రాబందులు, కొంగలు, మేకలు, గొర్రెలు, గుర్రాలు, కోతులు... ఒక్కొక్కదాన్నీ చూశారు. మాంసం తినేవాటికి మత్తెక్కింది. గడ్డి మేసేవాటి మీద పెద్దగా ప్రభావం కనబడలేదు. ప్రాణాపాయం లేదని నమ్మకం కుదిరాకే మనుషుల దగ్గరికి వచ్చారు.

ఒకటే మోతాదు, ముగ్గురు మనుషులు

1838 నవంబరు 6. మధ్యాహ్నం రెండు గంటలు. కీళ్లవాతంతో బాధపడుతున్న ముగ్గురు రోగులకు గంజాయి జిగురును కరిగించి, తలా ఒక గ్రెయిన్ ఇచ్చారు. గ్రెయిన్ అంటే ఇప్పటి లెక్కలో సుమారు 65 మిల్లీగ్రాములు.

నాలుగు గంటలకు ఒకతను కబుర్లు మొదలుపెట్టాడు. పాటలు పాడాడు. ఇంకాస్త అన్నం పెట్టమని కేకలేశాడు. తనకే జబ్బూ లేదన్నాడు. ఆరుకు నిద్రపోయాడు. రాత్రి ఎనిమిదికి చూస్తే ఒంటి మీద స్పృహ లేదు. ఊపిరి సరిగ్గానే ఉంది. చెయ్యి పైకెత్తితే ఎత్తినచోటే నిలిచిపోయింది, మైనపు బొమ్మకు ఉన్నట్టు. కంగారుగా రెండో రోగి దగ్గరికి వెళితే అతనిదీ ఇంచుమించు అదే వరస. మూడో మనిషికి గంజాయి పొగ తాగడం ముందునుంచే అలవాటు. అతనికి ఏమీ కాలేదు!

మందు ఒకటే. మోతాదు ఒకటే. ఇచ్చిన సమయం ఒకటే. ఫలితం మాత్రం వేరువేరు. మత్తులోకి జారినవాళ్లిద్దరూ తరవాత తేరుకున్నారు. ఓషానెసీ మాత్రం దాన్ని అదృష్టం కింద జమకట్టి ఊరుకోలేదు. తరవాతి కీళ్లవాతం రోగులకు మోతాదును సగానికి, అంటే అర గ్రెయిన్‌కు తగ్గించారు. చాలామందికి నొప్పి తగ్గింది, ఆకలి పెరిగింది, మనసు తేలికపడింది. ఒక్కరు కూడా మతి తప్పే దాకా పోలేదు.

ఆ గడియారం లెక్క మరోసారి చూడండి. రెండింటికి మింగితే నాలుగింటికి హుషారు. ఎనిమిదింటికి అసలు మత్తు. నోటితో తీసుకునే గంజాయి మందు తీరే అంత. పొగ ద్వారా అయితే నిమిషాల్లో తెలిసిపోతుంది. కడుపులోకి వెళ్లినదానికి గంట, రెండు గంటలు పడుతుంది. పూర్తి ప్రభావం అంతకంటే ఆలస్యంగా వస్తుంది. చాలా గంటలు ఉంటుంది. ఇప్పటికీ అమెరికా, కెనడాల్లో గంజాయి చాక్లెట్లూ, గమ్మీలూ తిని ఆస్పత్రి పాలయ్యేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. ఒకటి తిని అరగంట చూసి, ఏమీ కాలేదే అని రెండోది తింటారు. రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి.

పసిపాపకు వంద చుక్కలు

ఇంకో కేసు మరీ ఆశ్చర్యం. నెలా పది రోజుల పసిపాపకు ఆగకుండా ఫిట్స్ వస్తున్నాయి. అప్పుడున్న మందులేవీ పనిచేయలేదు. ఓషానెసీ గంజాయి టించర్‌ను చుక్క లెక్కన మొదలుపెట్టారు. ఒక చుక్క, చూడటం. మరికొంత, మళ్లీ చూడటం. అలా పెంచుకుంటూ పోతే రోజుకు వందకు పైగా చుక్కలు పడ్డాయి. పాప కోలుకుంది. అదే టించర్ చాలా కొద్ది చుక్కలకే ఇరవై ఏళ్ల కాలేజీ కుర్రాడికి మత్తెక్కింది. పావు గ్రెయిన్‌కే అతను తాను రాజునన్న భ్రమలో పడి, చుట్టూ ఉన్నవాళ్లకు హుకుంలు జారీ చేశాడట!

దీన్నిబట్టి పిల్లలకు ఎంతైనా ఇవ్వొచ్చని అనుకునేరు. పొరపాటున కూడా వద్దు. ఇక్కడ తెలుసుకోవాల్సింది వేరు. ఈ మందు మోతాదు బరువునూ వయసునూ బట్టి ముందే చెప్పేయగలిగేది కాదు. పక్కింటావిడకు సరిపడిన చుక్కలు మీ అమ్మకు సరిపడతాయనుకోవడం ఎంత తప్పో ఆ పాపా, ఆ కుర్రాడూ కలిసి చెబుతున్నారు.

పిల్లల ఫిట్స్ కథ అక్కడితో ఆగలేదు. ఆ తరవాత 179 ఏళ్లకు, 2018లో, గంజాయి మొక్క నుంచి తీసిన సీబీడీ అనే పదార్థంతో చేసిన ఎపిడియోలెక్స్ మందుకు అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. అదీ డ్రావె, లెనాక్స్-గాస్టో అనే రెండు మొండి మూర్ఛ వ్యాధులకు. మొదటి వారం తక్కువ మోతాదు, తరవాత పెంచడం, మధ్యమధ్య రక్తపరీక్షతో కాలేయం ఎలా ఉందో చూసుకోవడం దాని పద్ధతి. పిల్లవాడు వేరే ఫిట్స్ మందులు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ వాడుతుంటే ఇంకా జాగ్రత్త. చుక్క చుక్కగా వెళ్లడమన్న సూత్రం మాత్రం మారలేదు.

నయం కాలేదు, నొప్పి తగ్గింది

పిచ్చికుక్క కరిచి రేబిస్ వచ్చిన ఒక రోగి కూడా ఆయన దగ్గరికి వచ్చాడు. నీళ్లు చూస్తే వణికిపోతున్నాడు. అది బతికే జబ్బు కాదని ఓషానెసీకి తెలుసు. గంటకింత చొప్పున గంజాయి జిగురు ఇచ్చారు. వణుకు తగ్గింది. నారింజ రసం చప్పరించగలిగాడు. కాస్త అన్నం మింగగలిగాడు. కొన్ని రోజులకు చనిపోయాడు.

ఆయన దీన్ని విజయంగా రాసుకోలేదు, ఓటమిగానూ దాచలేదు. జబ్బును మందు నయం చేయలేదనీ, చివరి రోజుల నరకాన్ని మాత్రం తగ్గించిందనీ ఉన్నదున్నట్టు రాశారు. ధనుర్వాతం రోగులకు పెద్ద మోతాదులు ఇచ్చి చూశారు. కొందరు బతికారు, కొందరు పోయారు. అదీ రాశారు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు గురించి అడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. దేనికి? క్యాన్సర్‌ను కరిగించడానికి అని ఎవరైనా చెబితే నమ్మకండి. అలా నయమవుతుందని మనుషుల్లో రుజువు కాలేదు. కీమోథెరపీ వాంతులు ఇతర మందులకు లొంగనప్పుడు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాల బిగుతుకు, కొన్ని దీర్ఘకాలిక నొప్పులకు కొన్ని దేశాల్లో డాక్టర్లు దీన్ని వాడుతున్నారు. ఉపశమనం కోసం ఇచ్చే మందుకు ఉపశమనాన్నే కొలవాలి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టింది? ఎన్ని ముద్దలు తిన్నారు? ఎంత దూరం నడిచారు? ఆ లెక్కలో తేడా లేకపోతే మోతాదు పెంచడం కాదు, ఆపడం గురించి డాక్టరుతో మాట్లాడాలి.

మత్తు ముఖం కూడా చూపించారు

ఓషానెసీ మందును మెచ్చుకుని ఊరుకోలేదు. జాగ్రత్త లేకుండా వాడితే వచ్చే ఒక రకం ఉన్మాదం గురించి వేరుగా రాశారు. ముఖ్యంగా మొదటిసారి రుచి చూసే కుర్రాళ్లలో అది ఎక్కువని గమనించారు. తూలుతూ నడక, చేతులు రుద్దుకోవడం, ఆగని నవ్వు, హోదా చూడకుండా ఎదుటివాళ్ల కాళ్లు పట్టుకుని నిమరబోవడం... లక్షణాలన్నీ వరసగా ఇచ్చారు.

ఇప్పుడు మనకు ఇంకా ఎక్కువ తెలుసు. ఎదిగే మెదడు మీద ఈ మందు ప్రభావం తేలికైనది కాదు. ఇంట్లో స్కిజోఫ్రీనియా వంటి మానసిక జబ్బు చరిత్ర ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. రోజూ ఎక్కువగా వాడేవాళ్లకు ఒళ్లు అలవాటు పడుతుంది. నిన్నటి మోతాదు ఇవాళ చాలదనిపిస్తుంది. ఆపేస్తే చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం కనిపిస్తాయి. ఏళ్ల తరబడి వాడిన కొందరిలో ఆగని వాంతులు మొదలవుతాయి. వాంతులు తగ్గించే మందే వాంతులు తెప్పించడం వింతగా ఉంటుంది గానీ, అలా ఎందుకవుతోందో తెలియక ఇంకాస్త వాడి ముదరబెట్టుకునేవాళ్లున్నారు.

సీసా సీసాకూ తేడా

తన ప్రయోగాలన్నీ 1839లో కలకత్తా వైద్య సంఘం ముందు పెట్టారు ఓషానెసీ. 1840ల మొదట్లో సెలవు మీద ఇంగ్లండ్ వెళుతూ గంజాయిని వెంట తీసుకెళ్లారు. లండన్‌లోని పీటర్ స్క్వైర్ అనే మందుల తయారీదారు దాంతో సారం తీసి సీసాల్లో అమ్మారు. 1843లో ఓషానెసీ రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. యూరప్, అమెరికా డాక్టర్లు ఆ మందు కోసం ఎగబడ్డారు.

చిక్కు అక్కడే మొదలైంది. ఒక సీసా వాడితే ఏమీ కాదు. మరో సీసా అదే మోతాదులో ఇస్తే రోగి మంచం మీద నుంచి లేవడు. ఏ ఊరి పంట, ఎప్పుడు కోశారు, ఎన్నాళ్లు నిల్వ ఉంది అన్నదాన్ని బట్టి బలం మారిపోయేది. లోపల ఉన్న అసలు పదార్థం ఏమిటో తెలియదు కాబట్టి కొలిచే దారి లేదు. మత్తు తెప్పించే టీహెచ్‌సీని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు విడదీసి దాని స్వరూపం చెప్పేసరికి 1964 వచ్చింది.

ఆన్‌లైన్‌లోనో, తెలిసినవాళ్ల ద్వారానో వచ్చే పేరులేని నూనె సీసా మీ చేతిలో ఉందంటే, మీరు మళ్లీ ఆ కాలానికి వెళ్లినట్టే. అందులో టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత, పురుగుమందు ఎంత, ఎవరికీ తెలియదు. లెక్క తెలియని మందుకు మోతాదు ఉండదు.

తీగల మనిషి

తరవాత ఓషానెసీ దారి మారింది. 1839లోనే కలకత్తా దగ్గర తీగలు లాగి విద్యుత్తుతో సందేశాలు పంపి చూశారాయన. గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆయనకు టెలిగ్రాఫ్ బాధ్యత అప్పగించారు. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు తీగలతో కలిశాయి. కోతులు ఊగినా, పక్షులు గుంపులుగా వాలినా తెగకుండా సన్నని తీగలకు బదులు లావుపాటి ఇనుప కడ్డీలు వేయించారు. 1856లో సర్ బిరుదు వచ్చింది. ఆయన నాటిన ఆ టెలిగ్రాం 2013 జులై దాకా మన గుమ్మాల్లోకి వస్తూనే ఉంది.

1860 ప్రాంతంలో ఆయన ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఇంటి పేరు మార్చుకుని, పెద్దగా ఎవరికీ కనిపించకుండా బతికారు. 1889 జనవరిలో కన్నుమూశారు. ఉప్పునీటి ఆలోచనను ఆయన ఉండగానే వైద్యలోకం చాలావరకు పక్కన పెట్టేసింది. అది మళ్లీ నిలదొక్కుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

ముప్పై ఏళ్ల చీటీలు

గంజాయి విషయంలో ఆయన తేల్చని ప్రశ్న ఒకటి మిగిలింది. ఏళ్ల తరబడి వాడాల్సి వస్తే ఎలా? దానికి జవాబు లండన్ డాక్టరు జాన్ రస్సెల్ రేనాల్డ్స్ దగ్గర దొరికింది. ఈయన విక్టోరియా రాణి ఆస్థాన వైద్యుల్లో ఒకరు. ముప్పై ఏళ్లకు పైగా గంజాయి మందు రాసిన అనుభవాన్ని ఓషానెసీ పోయిన మరుసటి ఏడాది, 1890లో, ప్రచురించారు.

ఆయన పద్ధతి ఎంత సాదాగా ఉందో చూడండి. అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. మళ్లీ ఇవ్వడానికి కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. పెంచాలంటే మూడు, నాలుగు రోజులకు ఒక్క చుక్క. నొప్పి తగ్గితే అక్కడ ఆగాలి. తగ్గకపోతే, ఈ మనిషికి ఈ మందు పనికిరాదని ఒప్పుకుని మానేయాలి. ఇలా చేసినంతకాలం తనకు విషప్రభావం ఎదురుకాలేదని ఆయన రాశారు. నిద్రపట్టక రాత్రుళ్లు తిరుగాడే వృద్ధులకు ఇచ్చిన చిన్న మోతాదు నెలలూ ఏళ్లూ పెంచకుండానే పనిచేసిందని కూడా.

ముగ్గురికి తలా ఒక గ్రెయిన్ ఇచ్చిన ఆ మధ్యాహ్నానికీ, మూడు రోజులకు ఒక్క చుక్క పెంచే ఈ ఓపికకూ మధ్య యాభై ఏళ్లున్నాయి. ఇప్పటి డాక్టర్లు తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా వెళ్లమని చెప్పేది ఆ యాభై ఏళ్లు నేర్పిన మాటే. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు కొన్ని దేశాల్లో ఇచ్చే నోటి స్ప్రే కూడా అంతే. రోజుకు ఒక్కో స్ప్రే చొప్పున పెంచుకుంటూ వెళతారు. పన్నెండు దాటనివ్వరు. నాలుగు వారాల్లో చెప్పుకోదగ్గ మేలు కనిపించకపోతే ఆపేస్తారు.

మీ ఇంటికి వచ్చేసరికి

ముందు చట్టం సంగతి. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి, చరస్ కొనడం, దగ్గర ఉంచుకోవడం నేరం. విశాఖ మన్యం నుంచి తరలిస్తూ పట్టుబడిన గంజాయి వార్తలు మీరు చూస్తూనే ఉన్నారు. అది మందు కాదు. వైద్యుల చీటీ మీద విజయ ఆకుతో చేసిన కొన్ని ఆయుర్వేద మందులు దొరుకుతున్నాయి. అవైనా చూపించుకుని, రాయించుకుని, లైసెన్సు ఉన్న తయారీదారువే వాడాలి. పిల్లల దగ్గరికి విదేశం వెళ్లిన అమ్మానాన్నలు అక్కడి నుంచి గమ్మీలో, నూనె సీసాలో సూట్‌కేసులో పెట్టుకుని వస్తే విమానాశ్రయంలో అది మందుల డబ్బా అనిపించుకోదు.

చట్టబద్ధంగా వాడే దేశంలో మీవాళ్లుంటే ఈ కొన్ని జాగ్రత్తలు చెప్పండి.

• మొదలుపెట్టే ముందు వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించాలి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు, ఫిట్స్ మందులు, నిద్రమాత్రలతో ఇది కలిస్తే చిక్కు రావచ్చు. మద్యంతో అసలే కలపకూడదు.

• ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, సమయం, ఎంత, రెండు గంటల తరవాత ఎలా ఉంది, మర్నాడు పొద్దున ఎలా ఉంది. మోతాదు మార్చిన రోజు గుర్తు పెట్టండి. ఒక్కసారికి ఒక్క మార్పే.

• ప్రభావం తెలియలేదని వెంటనే రెండోసారి వేసుకోవద్దు. సీసా గానీ కంపెనీ గానీ మారితే మళ్లీ తక్కువ నుంచి మొదలుపెట్టాలి.

• పెద్దవాళ్లకు రాత్రి లేచినప్పుడు తల తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మొదటి రోజుల్లో పక్కన ఒకరు ఉండాలి. మందు ప్రభావం ఉన్నంతసేపు బండి నడపకూడదు.

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండె జబ్బు ఉన్నవారు, మానసిక వ్యాధి చరిత్ర ఉన్న కుటుంబాలవాళ్లు, కుర్రాళ్లు దూరంగా ఉండటమే మేలు.

• కొన్ని నెలలకోసారి డాక్టరుతో కూర్చుని ఇది ఇంకా అవసరమా అని అడగాలి. మోతాదు మెల్లగా పెరుగుతూ పోతుంటే అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు కాదు. ఫిట్స్‌కు వాడుతుంటే మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు.

• సీసా తాళం వేసిన అలమారలో ఉండాలి. గమ్మీలు చూడటానికి చాక్లెట్లలాగే ఉంటాయి. మనవడికి ఆ తేడా తెలియదు. పొరపాటున తింటే ఎదురుచూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏం తిన్నాడో దాచకుండా చెప్పండి.

ఈసారి ఆస్పత్రిలో మీవాళ్ల పక్కన కూర్చుని సెలైన్ చుక్కలు చూస్తున్నప్పుడు నర్సు వచ్చి చిన్న చక్రం తిప్పి వేగం సరిచేయడం గమనించండి. కాసేపటికి మళ్లీ వస్తుంది. మళ్లీ చూస్తుంది. లీత్‌లోని ఆ వృద్ధురాలికి దొరకనిది ఆ రెండోసారి రావడమే. కలకత్తాలో ఓషానెసీ మధ్యాహ్నం రెండుకు మందిచ్చి, రాత్రి ఎనిమిదికి కబురు అందగానే మళ్లీ మంచం దగ్గరికి వచ్చారు. మీవాళ్లకు ఏ మందు మొదలుపెట్టినా, ఎనిమిది గంటలకు ఎవరుంటారో ముందే అనుకోండి.